అయిదింట ఒకటి

లెక్కల మేస్టారి చేతిలో సుద్దముక్క చూస్తే నాకు కాళ్ళు చల్లబడేవి. రాయపూరు కాలేజీలో, ఆ క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆయన తిట్టేవారు కాదు, విసుక్కునేవారు కాదు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఊరికే నిలబడేవారు. అదే నాకు ప్రాణాంతకంగా ఉండేది.

మా నాన్న రైల్వేలో గూడ్సు గార్డు. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడి రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నన్ను కాలేజీలో వేస్తే చుట్టాలంతా నొసలు చిట్లించారు. నాన్న అందరి నోళ్ళూ మూయించి, నాకు మాత్రం ఒక షరతు పెట్టారు. ఏడాది చివర ఒక్క సబ్జెక్టు పోయినా చదువు ఆపేసి, విజయనగరంలో పెద్దమ్మ దగ్గరుండి కుట్టుపని నేర్చుకోవాలి. మిగతావన్నీ ఎలాగో గట్టెక్కుతాయి. నా గుండెల మీద కూర్చున్నది లెక్కల పేపరొక్కటే.

లిమిట్లంటే నాకు భయంతోపాటు కోపం కూడా. మేస్టారు బోర్డు మీద హెచ్ అని రాసి, అది సున్నా కాదు కాబట్టి దాంతో భాగించవచ్చు అనేవారు. రెండు వరుసలు దిగాక, అది సున్నాకి చేరువవుతోంది కాబట్టి వదిలేద్దాం అనేవారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టుంది, ఇదేం న్యాయమని ఒళ్ళు మండేది. అడిగే ధైర్యమేదీ? అబ్బాయిలంతా తలలూపుతుంటే నేనూ ఊపేదాన్ని.

ఒకరోజు నన్ను లేపి, నాలుగు నాణేలు కలిపి ఎగరేస్తే నాలుగూ బొమ్మే పడే అవకాశం ఎంత అని అడిగారు. చిత్రం, నాకు జవాబు తెలుసు! అష్టాచెమ్మ ఆడని తెలుగిల్లు మా కాలనీలో లేదు. చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి, నాలుగు కలిపి వేస్తాం. తెల్లవి ఎన్ని పడితే అంత పందెం. నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగూ నలుపైతే అష్ట. ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట. పడేవి అయిదు, అందులో చెమ్మ ఒకటి.

"పాంచ్ మే ఏక్, సర్," అన్నాను.

క్లాసు గొల్లుమంది. మేస్టారు నవ్వలేదు. ఎలా అని అడిగారు. భయంలో అబద్ధం తట్టదు. వచ్చీరాని హిందీలో చింతపిక్కల సంగతంతా చెప్పేశాను. ఆయన మరాఠీవారు, ఆ ఆట ఎరగరు. రేపు అవి తీసుకురా అన్నారు.

ఆ పూటంతా ఒకటే ఆలోచన. గార్డుగారమ్మాయి కాలేజీలో పందేలు వేస్తోందని కాలనీలో పొక్కితే, పరీక్షదాకా ఆగక్కర్లేదు, చదువు ఆ రోజే ఆఖరు. అయినా పిక్కలు కొంగున ముడేసుకుని వెళ్ళాను. వెళ్ళకపోతే ఆయన అలా నిలబడే ఉంటారని భయం.

బల్ల మీద వెయ్యమన్నారు. చెమటకి పిక్కలు అరచేతికి అంటుకుపోయాయి. విదిలించి వేస్తే మొదటి పందేనికే చెమ్మ! వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. ఇంకా వెయ్ అన్నారు మేస్టారు. నేను వేస్తున్నాను, ఆయన బోర్డు మీద అయిదూ వరసగా రాసి, ఏది పడితే దాని కింద గీత గీస్తున్నారు. కాసేపటికి రెండు కింద గీతలు గుబురుకట్టాయి. చెమ్మ కిందా అష్ట కిందా ఎక్కడో ఒకటి. చెమ్మ పడాలంటే నాలుగూ తెలుపే పడాలి, దానికి ఒక్కటే దారి. రెండు పడటానికి ఆ పిక్కా ఈ పిక్కా కలిసి బోలెడు దారులు. పడేవాటిని లెక్కపెట్టాను గాని, దారుల్ని వదిలేశాను.

"ఎన్నిసార్లు వేస్తే అసలు లెక్క తేలుతుంది సార్?" అని నోరు జారాను.

"పూర్తిగా ఎప్పటికీ తేలదు. వేసేకొద్దీ దగ్గరవుతుంది. ఎంత దగ్గర కావాలో నువ్వు చెప్పు, ఎన్నిసార్లు వెయ్యాలో నేను చెబుతాను. పోయిన నెలంతా లిమిట్లని చెప్పిందీ ఇదే," అన్నారు. అర్థమైంది. అర్థం కాగానే, పోయిన నెలంతా నాకెంత అర్థం కాలేదో కూడా తెలిసొచ్చింది.

లెక్కల పరీక్ష రోజు పొద్దున్న నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గుమ్మంలో పుస్తకం మూసి కూర్చున్నాను.

"ఏటమ్మా, అలా బెంగెట్టుకుని కూకున్నావు? పాసవుతావు, లేపోతే ఫెయిలవుతావు. రెండే కదేటి? ఆధా ఆధా. ఫికరెందుకు?" అన్నారు. "నా బండీ అంతే. చేరితే చేరుద్ది, లేపోతే పడిపోద్ది. సగానికి సగం. అలాగే ఎక్కుతున్నాను."

ఆయన వేళాకోళమాడటం లేదు. ఇన్నేళ్ళూ సగానికి సగం చావేననుకుంటూనే ఆ బండెక్కారు.

"కాదు నాన్నా. రెండే అని సగం చెయ్యకూడదు. నీ బండి చేరడానికి దారులు లెక్కలేనన్ని. పడిపోవడానికి బాగా తక్కువ."

నాన్న బూట్లు విప్పుతున్నవారల్లా ఆగిపోయారు. తర్వాత నా వంక చూసి, "మరి నీ పరీక్షకో?" అన్నారు.

"పోడానికే దారులెక్కువ నాన్నా," అన్నాను. ఏడుపొచ్చేసింది.

మా నాన్న మొహంలో భయం నేను చూడటం అదే మొదలు. ఆ బూటు అలా చేత్తో పట్టుకునే, "పోతే పోనీలేమ్మా. మళ్ళీ రాద్దువుగాన్లే," అన్నారు.