ఊరందరి ముందు డాక్టరమ్మ మార్కులు

హెస్టర్ బీల్‌ది మంచి నోరని మా ఊళ్లో ఎవరూ అనరు. పిల్లాడికి జ్వరమని తీసుకెళితే ముందు తల్లికి నాలుగు చీవాట్లు తగిలించి, ఆ తర్వాతే పిల్లాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టేది. అయినా ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా తీరం చివర పిల్లల డాక్టరంటే ఆమె ఒక్కతే. సముద్రంలో లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టుకునే ఇంట్లో పుట్టి, వైద్యం చదివి తిరిగొచ్చి, తండ్రి వాటిని పట్టే బోనులు దాచుకునే కొట్టంలోనే క్లినిక్ తెరిచింది. తర్వాత దాన్ని పట్నంలోని పెద్ద ఆసుపత్రి వాళ్లు కొనుక్కుని, ఆమెను జీతానికి ఉంచుకున్నారు. ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే లోర్నాని నేనే కాబట్టి ఇదంతా నాకు తెలుసు.

చలికాలంలో ఆసుపత్రి నుంచి డాక్టర్లందరికీ ఒక రిపోర్టు వచ్చేది. మీ దగ్గరికొచ్చే పిల్లల్లో ఎందరికి టీకాలు పూర్తయ్యాయి, ఎందరికి ఏటా చేసే ఆరోగ్య పరీక్ష జరిగింది, ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎందరు మళ్లీ చూపించుకున్నారు అని. బాగుంటే పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. హెస్టర్ దాన్ని చదవకుండానే సొరుగులోకి తోసేది. "నా పిల్లల సంగతి నాకు కాగితం చెప్పాలా?" అనేది. ఆ ఏడు రిపోర్టు నిండా ఎరుపే. ఈసారి దాన్ని పట్టుకుని ఎలియట్ గ్రాంట్ అనే ఆసుపత్రి కుర్ర మేనేజరు స్వయంగా వచ్చాడు.

"కంగారేం లేదు డాక్టర్ గారూ. రమ్మన్నా రాని కుటుంబాలున్నాయి కదా, వాళ్లని మన లెక్కలోంచి తీసేద్దాం. వేరే చోట చూపించుకుంటారు. అంకెలు వాటంతటవే పచ్చబడతాయి."

"వేరే చోటంటే ఎక్కడ బాబూ? సముద్రంలోనా?"

"అలా అంటే నేనేం చెప్పను? ఎండాకాలం లోపు అంకెలు మారకపోతే పైవాళ్లు క్లినిక్ మూసేస్తారు. ఇంకో మాట, ఈ రిపోర్టు బయటికి పొక్కకూడదు."

ఆ చివరి మాట అతను అనకుండా ఉండాల్సింది.

మార్చిలో మా ఊరి సభ జరుగుతుంది. రోడ్ల మీద మంచు తోసేవాడి దగ్గర్నుంచి బడి నడిపేవాళ్ల దాకా ఊరి పని చేసినవాళ్లంతా లేచి లెక్క చెప్పాలి. ఎవరైనా నిలదీయొచ్చు. హెస్టర్‌ది ఊరి ఉద్యోగం కాదు, ఆమెను లెక్క చెప్పమని అడిగినవాళ్లూ లేరు. అయినా మధ్యాహ్నం సభలో పెట్టే బీన్స్ భోజనాలయ్యాక లేచి, కళ్లజోడు తగిలించుకుని, తన రిపోర్టు మొదటి వరస నుంచి చివరి వరస దాకా గట్టిగా చదివింది. అందులో పేర్లు లేవు, అంకెలే.

"ఈ ఎరుపంతా నాది. రాని పిల్లల్ని తీసేస్తే పచ్చబడుతుందట. నేను తీసెయ్యను. కానీ మీరెందుకు రారో నా మొహం మీద చెప్పండి. ఫోన్లు చేసి చేసి మా లోర్నా గొంతు పోయింది. మీకు పిల్లలంటే పట్టదా?"

హాలంతా ఒక్కసారి భగ్గుమంది. వాల్డో అనే పడవాయన లేచాడు.

"పట్టకపోవడమేంటి డాక్టరమ్మా! నేను పడవ కట్టేసి ఒడ్డెక్కేసరికి నువ్వు కొట్టు కట్టేసుంటావు. మా ఆవిడదీ పగటి డ్యూటీయే. పిల్లాణ్ణి నీ గుమ్మంలో వదిలేసి పొమ్మంటావా?"

"ఒక్క పూట సెలవు పెట్టుకోలేవూ?"

"సముద్రాన్ని అడిగి చెప్తాలే!"

అందరూ నవ్వారు, హెస్టర్ తప్ప. అప్పుడు లేచింది మేవిస్. హెస్టర్ కూతురే, పీతల మాంసం ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది.

"అమ్మా, తీసేసే పనైతే నా కొడుకుతో మొదలుపెట్టు. వాడికి టీకాలు సగమే పడ్డాయి. నన్ను ఐదింటికి గానీ వదలరు, నువ్వు నాలుగింటికే తాళం వేస్తావు. పూట మానేస్తే నా పని ఊడుతుంది. ఈ సంగతి ఎప్పుడు చెప్పబోయినా సాకులు చెప్పకని కసిరావు. ఇక్కడైతే కసరలేవు కదా, విను."

ప్రతి ఆదివారం తన ఒళ్లో కూర్చుని తినే మనవడు ఆ ఎరుపులో ఉన్నాడని హెస్టర్‌కి తెలియదు. ఆ అంకెల వెనక ఎవరున్నారని ఆమె ఏనాడూ అడగలేదు మరి. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. ఆమెని చూస్తే నాకు జాలేసింది. కానీ మేవిస్‌ని చూస్తే గర్వంగా అనిపించింది.

"మంగళవారం," అంది హెస్టర్. "మంగళ, గురువారాలు పడవలొచ్చాక తెరుస్తా. ఆఖరి పిల్లాణ్ణి చూశాకే మూస్తా. దీనికి నేనెవరి అనుమతీ అడగను."

ఆ మంగళవారం సాయంత్రం క్లినిక్ నిండా రబ్బరు బూట్లు, చేపల వాసన, పిల్లల గోల. కుర్చీలు చాలక జనం గోడకానుకుని నిలబడ్డారు. అంతలో ఎలియట్ తాళాలవాణ్ణి వెంటబెట్టుకుని దిగాడు.

"డాక్టర్ గారూ, రిపోర్టు ఊరందరికీ చదివారు, ఇప్పుడు పని వేళలు అయిపోయాక అనుమతి లేకుండా తెరిచారు. ఇక తాళం మార్చేస్తున్నాం. అందర్నీ పంపించెయ్యండి."

మేవిస్ ఒళ్లో కొడుకు, హెస్టర్ చేతిలో సూది. ఆమె తల కూడా తిప్పలేదు.

"వెళ్లి కూర్చో. నీ వంతు వచ్చినప్పుడు లోర్నా పిలుస్తుంది."

వాల్డో జరిగి చోటిచ్చాడు గానీ ఎలియట్ కూర్చోలేదు. తాళాలవాడు టోపీ తీసి, పనిముట్ల సంచి కింద పెట్టి, నా బల్ల దగ్గరికొచ్చాడు.

"మా పాప పేరు కూడా రాసుకుంటారా? పగలు నాకూ కుదరదు," అన్నాడు మెల్లగా.

రాసుకున్నాను.

"పైవాళ్లకి నేనేం చెప్పాలి?" అని అరిచాడు ఎలియట్.

"రిపోర్టు ఇంకా ఎర్రగానే ఉందని చెప్పు. పేరు ఒక్కటి కూడా తగ్గలేదని చెప్పు. ఇప్పుడే ఒకటి పెరిగిందని కూడా చెప్పు," అంటూ హెస్టర్ మనవడికి సూది గుచ్చింది. వాడు రేవు దాకా వినపడేలా ఏడ్చాడు.