మూడో ఆల్బమ్‌కు మార్కులు పెరిగిన వారం

2009 చివర్లో సౌదీ అరేబియాలోని తబూక్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో సీనియర్ ఆడియాలజిస్టుగా చేరాను. వినికిడి కొలవడం నా ఉద్యోగం. చెవి డాక్టరు చెవిని పరీక్షించి వైద్యం చేస్తాడు. ఆ చెవికి ఎంత వినబడుతోందో కొలిచి కాగితం మీద పెట్టేది మేము. "ఫిట్", "అన్‌ఫిట్" అని తేల్చే అధికారం మాకు లేదు, అది వృత్తి ఆరోగ్య విభాగం డాక్టరుది. ఈ తేడా తెలియక కంపెనీల నుంచి వచ్చే కార్మికులు నన్నే బతిమాలుకునేవాళ్ళు. ఇది 2013 నాటి సంగతి. పేర్లు మార్చాను.

శబ్దంలో పనిచేసేవాళ్ళకు ఏడాదికోసారి వినికిడి పరీక్ష తప్పనిసరి. అలా ఏటా వచ్చేవారిలో కీత్ ఒకాయన. విమానాల ఇంజన్ మెకానిక్కులకు శిక్షణ ఇచ్చే బ్రిటిష్ మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. ఒక ఏడాది బూత్‌లోకి వెళ్తూ ఏదో కూనిరాగం తీశాడు. బెంగళూరు హాస్టల్లో చదువుకునే రోజుల్లో నేను విని విని అరగదీసిన పాట అది. ఎనభైల్లో నాలుగు ఆల్బములు చేసి చెల్లాచెదురైన ఒక బ్రిటిష్ బ్యాండుది. పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు, వాళ్ళ దేశంలో కూడా. నాకు తెలుసనేసరికి కీత్ పరీక్ష సంగతి మరిచిపోయి కబుర్లలో పడ్డాడు. లోపలికి పంపి తలుపు వేయడానికి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

విదేశీ ఉద్యోగులుండే వాళ్ళ కాంపౌండు క్లబ్బులో శుక్రవారం మధ్యాహ్నాలు పాత పాటలు వినే చిన్న గుంపు ఉండేది. నన్నూ పిలిచారు. ఆడవాళ్ళు బండి నడపకూడని రోజులు కాబట్టి మా ఆయన తీసుకెళ్ళి దింపి, పక్క గదిలో క్యారమ్స్ ఆడుకునేవాడు. ఈ గోల ఆయనకు పట్టదు. ఆ ఏడాది మేం పెట్టుకున్న పని ఆ బ్యాండును మళ్ళీ మొదటినుంచి తూకం వేయడం. వారానికొక ఆల్బము, ఆఖర్న పదికి మార్కులు. నెరిసిన తలలన్నీ ముందుకు వంగి, రెండో పాటలో గిటారు అవసరమా కాదా అని పంతాలకు పోతుంటే నవ్వొచ్చేది. కానీ ఏ శుక్రవారమూ మానేదాన్ని కాదు.

ఆ గుంపులో మరో తెలుగు గొంతు మల్లేశందే. జగిత్యాల దగ్గరి ఊరు. ఊరికి దూరంగా ఉన్న ఆ కాంపౌండుకు కరెంటు సొంత జనరేటర్ల మీదే. వాటి ఆపరేటరు ఆయన, పదిహేనేళ్ళుగా. ఏసీల రిపేర్లూ చేసేవాడు. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు క్యాసెట్ల పెట్టె ఆయనకిచ్చి పోయాడట. మాటలు సగం అర్థం కాకపోయినా ఆ బ్యాండు మూడో ఆల్బము మీద ఆయనకు ప్రాణం. మిగతా అందరం దాన్ని చూసి పెదవి విరిచేవాళ్ళం. అప్పుడే కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డులు కొనుక్కున్న సంబరంలో ప్రతి పాటలోనూ చెవిలో సూదిలా గుచ్చే టిక్ టిక్ ఒకటి పెట్టారు వాళ్ళు. బ్యాండును ముంచింది ఆ ఆల్బమే అని కీత్ తీర్పు.

మూడో ఆల్బము వంతు వచ్చిన శుక్రవారం ముందు సీడీ పెట్టారు. కీత్ మొహం చిట్లించుకునే విన్నాడు. నాకూ తల నొప్పెట్టింది. మల్లేశం మాత్రం కళ్ళు మూసుకుని హాయిగా విన్నాడు. తన క్యాసెట్ కూడా పెట్టమన్నాడు. పెట్టారు. తేడా చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఆడి అరిగిన టేపు, పై స్థాయి శబ్దాలన్నీ ఎగిరిపోయాయి. దుప్పటి కప్పినట్టు మెత్తగా వినిపించింది. టిక్ టిక్ లేదు. అది లేకపోయేసరికి అడుగున ఉన్న పాటలు బయటపడ్డాయి, నిజంగా మంచి పాటలు. కీత్ లేచి నిలబడి, పాతికేళ్ళుగా తను తిట్టింది పాటల్ని కాదని, వాటి మీద పూసిన రంగుని అని ఒప్పుకున్నాడు. మూడుగా ఉన్న మార్కు ఏడయింది. అందరూ మల్లేశం భుజం తట్టారు.

నాకు మాత్రం లోపల కలుక్కుమంది. సీడీకి, టేపుకి మధ్య ఏం తేడా కనిపించిందని మల్లేశాన్ని అడిగాను.

"తేడా ఏమున్నది మేడం? నాకైతే రెండు ఒక్కతీర్గనే ఇనవడ్డయి."

"ఆ టిక్ టిక్ మాటేమిటి మల్లేశన్నా?"

"ఏం టిక్ టిక్?"

శబ్దం వల్ల చెవి దెబ్బతింటే ముందుగా పోయేది నాలుగువేల హెర్ట్జ్ ప్రాంతం. సన్నని, పదునైన శబ్దాలుండే చోటు. మామూలు మాటలు చాలావరకు దానికి కింద ఉంటాయి కాబట్టి మనిషికి తేడా తెలియదు. జనరేటర్ గదిలో పదిహేనేళ్ళు. ఇంకేం చెప్పాలి?

ఊరుకుందామనుకునేలోపే ఆయన అసలు సంగతి చెప్పాడు. ఆ రోజుల్లో నితాఖాత్ అనే పద్ధతి కింద, ఎంతమంది సౌదీలకు ఉద్యోగాలిచ్చిందో చూసి ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇచ్చేవారు. ఆయన కంపెనీ పసుపు. పైగా విదేశీయుల మీద కొత్త లెవీ. పసుపు కంపెనీలో ఏళ్ళ తరబడి ఉన్న విదేశీయుడి అకామా, అంటే నివాస అనుమతి, రెన్యూ కాదు, ఇక ఇంటిదారే. ఆకుపచ్చ కంపెనీ ఏదైనా తీసుకుంటే మాత్రం వీసా ఇచ్చిన పాత యజమాని, అదే కఫీల్, ఒప్పుకోకపోయినా మారిపోవచ్చు. మా ఆసుపత్రి మెయింటెనెన్సు చూసే ఆకుపచ్చ కంపెనీ ఆయన్ని తీసుకుంటానంది. మెడికల్ పాసైతే.

"వచ్చే శనివారం మీ దవాఖానల్నే మేడం. అది అయితెనే కొత్త కంపెనీకి నకల్ అయితది. కాకుంటె ఎగ్జిటే. చిన్నోడు పాలిటెక్నిక్ రెండో సాలు ఉన్నడు."

నాకు చాలా బాధ కలిగింది. కొలతలో ఒక్క గీత కూడా నేను జరపను, జరపలేను. అలా జరిపితే ఆ మనిషిని తిరిగి అదే గదిలోకి, ఉన్న కాస్త చెవినీ పోగొట్టుకోవడానికి పంపినట్టే. కానీ నా చేతిలో ఉన్నది ఒకటుంది. పరీక్షకు ముందు రాత్రంతా చెవులు శబ్దానికి దూరంగా ఉండాలన్నది మా నియమం. భారీ శబ్దంలోంచి నేరుగా వచ్చిన చెవి కొన్ని గంటలపాటు ఉన్నదానికంటే అధ్వాన్నంగా వింటుంది. కంపెనీలు ఈ నియమాన్ని గాలికొదిలి మనుషుల్ని డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కించి పంపేవి. పరీక్షకు ముందు శుక్రవారం రాత్రి మల్లేశానికి డ్యూటీ ఉంది. సెలవడిగితే ఫోర్‌మన్ కసిరాడు.

కీత్‌కు నేను చెప్పింది మల్లేశం పరీక్ష రోజు, ఈ నియమం, అంతే. మల్లేశం చెవుల గురించి నా అనుమానం చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కీత్ కాంపౌండు నివాసుల సంఘానికి అధ్యక్షుడు. క్లబ్బులో ఏసీ మొరాయిస్తోందని, శుక్రవారం సాయంత్రం మల్లేశమే వచ్చి చూడాలని, ఆ రాత్రి జనరేటర్ల దగ్గర వేరేవాళ్ళని పెట్టమని మేనేజరుకు రాశాడు. ఏసీ నిక్షేపంగా ఉంది. మల్లేశం దాని ముందు కాసేపు కూర్చుని, గదికెళ్ళి పడుకున్నాడు.

తెలిసిన మనిషిని నేను పరీక్షించడం బాగుండదని మా జూనియర్, ఫిలిప్పీన్స్ అమ్మాయికి అప్పగించాను. చెవిలో గులిమి లేదని చూసి, బూత్‌లో కూర్చోబెట్టి, ఎర్ర హెడ్‌ఫోన్ కుడికి, నీలం ఎడమకి పెట్టింది. శబ్దం వినబడ్డప్పుడల్లా బొత్తాం నొక్కాలి. నేను అద్దం ఇవతల నిలబడి గ్రాఫు చూస్తున్నాను. మాటల స్థాయి వరకు గీత బాగానే నడిచి, నాలుగువేల దగ్గర రెండు చెవుల్లోనూ గోతిలో పడింది. అంత శబ్దం మోగుతుంటే ఆ మనిషి బొత్తాం మీద వేలు పెట్టుకుని, తర్వాతి శబ్దం ఇంకా మొదలు కాలేదనుకుని నెమ్మదిగా ఎదురుచూస్తున్నాడు.

ఉన్నది ఉన్నట్టు రాశాం: సంభాషణకు సరిపడా వినికిడి ఉంది, శబ్దం వల్ల నష్టం ఉంది, జనరేటర్ గది పనికిరాదు. డ్యూటీ దిగి వచ్చి ఉంటే మాటల స్థాయి కూడా హద్దు దాటి ఉండేదేమో. వృత్తి ఆరోగ్య విభాగం సుడానీ డాక్టరు "షరతులతో ఫిట్" అని సంతకం పెట్టాడు. ఆకుపచ్చ కంపెనీకి కావలసింది మాత్రం జనరేటర్ ఆపరేటరు. నాలుగైదు రోజులు నానబెట్టి, ఏసీ పనిలో ఒక మెట్టు కింది హోదాలో తీసుకున్నారు. హోదా తగ్గినందుకు మల్లేశం నొచ్చుకున్నాడు, దాచుకోలేదు. అయినా నకల్ అయింది. కొడుకు చదువు ఆగలేదు.

పరీక్ష ఫలితం ఆయనే క్లబ్బులో అందరికీ చెప్పేశాడు. చెప్పి, మూడో ఆల్బము సీడీ మళ్ళీ పెట్టమన్నాడు. ఆ టిక్ టిక్ ఎక్కడెక్కడ వస్తుందో తనకు చూపించాలట. కీత్ పక్కన కూర్చుని, అది వచ్చినప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టాడు. మల్లేశం పాట అయ్యేదాకా ఆ వేలినే చూశాడు.

పాట అయ్యాక అన్నాడు: "గిన్నిసార్లు ఎందుకు గొట్టిండ్రు మేడం? గా టిక్ టిక్ లేకుంటెనే పాట మంచిగున్నది."

కీత్‌కు తెలుగు రాదు. నేను చెప్పాను. ఆయన మార్కును ఏడు నుంచి ఎనిమిది చేశాడు.

ఈ వ్యవహారం తర్వాత పని పద్ధతిలో రెండు మార్చాను. పరీక్ష ముందు రాత్రి శబ్దానికి దూరంగా ఉండాలన్న నియమాన్ని తెలుగు, ఉర్దూ, బెంగాలీల్లో రాయించి కంపెనీల క్యాంపులకు పంపాం. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినవారిని పరీక్షించకుండా మరో రోజుకు రమ్మనేవాళ్ళం. కంపెనీలు సణిగాయి, తర్వాత అలవాటు పడ్డాయి. రెండోది నాకు నేను పెట్టుకున్నది. సన్నని శబ్దాలు పోయినవాడు నాకు వినబడటం లేదని చెప్పడు, ఈ పాట బాగుందంటాడు. కాబట్టి బూత్‌లోకి పంపే ముందు, సరిగా వినబడుతోందా అని కాక, ఈమధ్య ఏం వింటున్నారు, ఏది నచ్చుతోంది అని అడగడం మొదలుపెట్టాను.