చింతకి కాన్పులు ఎవరి లెక్క?

బీదర్‌కు నేను కోట చూడటానికి వెళ్ళలేదు. రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన కొత్త రోజులు. బెంగళూరులో ఆరోగ్య శాఖలో నాది లెక్కల ఉద్యోగం. పదేళ్ళ తర్వాత ఏ జిల్లాకు ఎంతమంది డాక్టర్లు కావాలో ముందే అంచనా కట్టాలి. దాన్నిబట్టి చదువు సీట్లు, శిక్షణ సీట్లు ఇస్తారు. బీదర్ సరిహద్దు పల్లెల్లో కాన్పులు తక్కువ, అక్కడికని అడిగిన కాన్పుల డాక్టర్ల సీట్లు అక్కర్లేదని నా అంచనా తేల్చింది. "సంతకం పెట్టేముందు ఒకసారి కళ్ళతో చూసి రావయ్యా" అన్నారు మా పెద్దసారు. అంత దూరం పంపిస్తున్నందుకు ఆయన మీద ఒళ్ళు మండింది.

హైదరాబాద్ దాకా ఒక రైలు, అక్కడినుంచి వికారాబాద్ మీదుగా ఇంకొకటి. బీదర్ స్టేషన్ బయట చాయ్ తాగాక గానీ నేను మనిషిని కాలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదికి సర్కారు జీపులో ఔరాద్ మీదుగా బయలుదేరాం. ఎర్రమట్టి దారి, పదిన్నరకల్లా చింతకి అనే పల్లె చేరాం. డ్రైవర్ బాబూమియా దారిలోనే హెచ్చరించాడు: "సాబ్, ఆడ హోటల్ ఉండదు. సంగమ్మక్క ఇంట్ల రొట్టె తిందాం. ఖాళీ కడుపుతోని ఏం లెక్కలు జేస్తరు?"

సంగమ్మది వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం. జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర, పెట్టింది. తింటూనే నా పని మొదలుపెట్టాను.

"కోడళ్ళు కనపడరేమమ్మా?"

"ఇద్దరు గూడ కాన్పుకు తల్లిగారిండ్లకు పోయిన్రయ్యా."

నా అంచనా నిజమైనందుకు సంబరపడ్డాను. ఈ ఊళ్ళ కోడళ్ళు చాలామంది ఆంధ్రప్రదేశ్ వైపు పిల్లలే. పురుటికి సరిహద్దు దాటి పుట్టింటికి పోతారని, వాళ్ళను మా లెక్కలోంచి తీసేశాం. ఆ తెలివి నాదే. మరి గోడకానుకుని పల్లీలు ఒలుస్తున్న ఈ నిండుచూలాలు ఎవరు?

"నా బిడ్డ లక్ష్మి. నారాయణఖేడ్ దిక్కు ఇచ్చినం, కాన్పుకు వచ్చింది. ఊర్ల ఇంకా నలుగురు బిడ్డలు వచ్చిన్రు."

రొట్టె కంచంలో పెట్టేశాను. పోయేవాళ్ళను తీసేశాం, వచ్చేవాళ్ళను కలపలేదు. వాళ్ళు పక్క రాష్ట్రం మనుషులని వదిలేశాం.

నేను చెయ్యి కడుక్కునేలోగా లక్ష్మి "అవ్వా" అని నడుం పట్టుకుంది. ఇంకా పది దినాలుందనుకున్న నొప్పులు అప్పుడే మొదలయ్యాయి. బాబూమియా ఎవరినీ అడగకుండా జీపు వాకిట్లోకి తెచ్చాడు. లక్ష్మిని పట్టుకుని సంగమ్మా ఎక్కింది. వచ్చేటప్పుడు నేను తిట్టుకున్న ప్రతి గుంతా తిరుగుదారిలో ఆ పిల్ల ఒళ్ళు హూనం చేసింది. బీదర్ దవాఖానలో ఉన్నది ఒక్కతే డాక్టరమ్మ, ఆమె ఇంకో కాన్పులో ఉంది. వరండాలో లక్ష్మి మూలుగు వింటుంటే నాకు నిజంగా భయమేసింది. డాక్టరమ్మ బయటికొచ్చి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చోనైనా కూర్చోకుండా లక్ష్మిని లోపలికి తీసుకుపోయింది. పొద్దు వాలేసరికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

చాయ్ తాగుతూ సంగమ్మ నా పనేమిటని అడిగింది. చెప్పాను.

"ఇప్పుడు సీటు ఇస్తే డాక్టరమ్మ ఎప్పుడొస్తది?"

"పదేళ్ళు దాటుతుంది. నీ మనవరాలి కాన్పుకు పనికొస్తుందిలే" అన్నాను ఓదార్పుగా.

ఆమె పకపకా నవ్వింది. "దానికేడ పనికొస్తది? అది కాన్పుకు తన తల్లి దగ్గరికి, ఖేడ్ దిక్కే పోతది గద!"

"మరి నీకేం లాభం?"

"మా ఇంటికి గాకుంటే ఇంకో ఇంటికి బిడ్డ రాదా అయ్యా? నువ్వైతే డాక్టరమ్మను తయారుజెయ్యి."

కూతుళ్ళు ఉన్నచోట డాక్టరు ఉండాలి, వాళ్ళ పేరు ఏ ఊళ్ళో రాసున్నా సరే. నేను నేర్చుకున్న లెక్కల్లో ఈ ముక్క లేదు. మీరు చింతకి వెళ్ళేట్టయితే ఒక్క మాట: తిరుగు బస్సు ఎప్పుడో ఔరాద్‌లోనే కనుక్కుని కదలండి, సొంత బండి ఉంటే మరీ మంచిది. నేనైతే బెంగళూరు చేరి, అడిగిన సీట్లన్నీ ఇవ్వాలని అంచనా మార్చి రాశాను. పెద్దసారు చదివి, కళ్ళజోడు తీసి, "పక్క రాష్ట్రం వాళ్ళ కాన్పులకు మన డాక్టర్లెందుకయ్యా?" అన్నారు.

"మీ అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చిందట గదా సార్, కాన్పుకు?" అన్నాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, ఆ రోజు ఇంటికి పెందలాడే వెళ్ళిపోయారు.