హోవా అమ్మమ్మ అప్పగించిన చెరువు

నిన్న బందరు చేపల మార్కెట్లో ఒకావిడ కుండ మూత తీయగానే ఉప్పులో ఊరిన నెత్తళ్ళ వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకుని తప్పుకున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. వియత్నాంలో, మెకాంగ్ నది సముద్రంలో కలిసే చోట, ఒక రేకుల ఇంటి వంటగదిలో మూడు నెలలపాటు పీల్చిన వాసన అది. ఆ ఇంటి పెద్దావిడ పేరు హోవా. నన్ను కన్నవాళ్ళ తర్వాత నన్ను మనిషిగా నిలబెట్టింది ఎవరంటే, నేను ఆవిడ పేరే చెప్తాను.

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. గుడివాడలో రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేరిన రెండో ఏడు, వియత్నాంలో రొయ్యల సాగు చూసి రమ్మని నన్ను పంపారు. హాస్టల్ ఉంటుందనుకున్నాను. తీరా వెళ్ళాక, రైతుల ఇళ్ళలోనే ఉండాలన్నారు. హోవా గారింట్లో ఆవిడ, కోడలు లాన్, ఇద్దరే. కొడుకు సరుకు పడవల మీద పనిచేస్తూ ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. లాన్ ఊరి బళ్ళో ఇంగ్లీషు టీచరు. ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకూ చేరవేసేది లాన్ ఒక్కతే. మొదటిరోజు భోజనం దగ్గర అలవాటుగా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పెద్దావిడ అన్నం ముట్టకుండా నాకేసి చూస్తూ కూర్చుంది. వెనక గూట్లో వాళ్ళ పెద్దల ఫొటోల ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. "నువ్వు దేవుడితో మాట్లాడుతుంటే మేం తినేస్తే బాగోదంటోంది అత్తయ్య," అంది లాన్. ఆ తర్వాత ఏ పూటా నేను ఆమెన్ అనకుండా ఆవిడ ముద్ద ఎత్తలేదు. మీ భాషలో నన్నేమని పిలుస్తారని అడిగితే, "అమ్మమ్మా అంటామండీ" అన్నాను. ఆ మాట పది సార్లు పలికి చూసుకుని, నవ్వి, సరే అలాగే పిలవమంది.

వాళ్ళకున్నవి రెండే చెరువులు. నెలన్నర తర్వాత, ఒక సాయంత్రం, మొదటి చెరువులో మేత వెయ్యడానికి నేనే ఏరియేటర్ ఆపాను. నీళ్ళలో గాలి కలిపే మిషను అది. మేత వేశాక మళ్ళీ స్విచ్ వెయ్యాలి. ఇంతలో పెద్ద వాన. ఆరేసిన బట్టల కోసం ఇంటికి పరిగెత్తాను. స్విచ్ సంగతి మరి గుర్తు రాలేదు. వాన హోరులో, చుట్టుపక్కల మిషన్ల చప్పుడులో, ఆ ఒక్కటి ఆగిందని ఎవరికీ తెలియలేదు.

తెల్లారేసరికి రొయ్యలు గట్ల వెంట తెల్లగా తేలి ఉన్నాయి. అమ్మమ్మ మోకాలిలోతు నీళ్ళలో దిగి చేతివలతో తీస్తోంది. "వానకి కరెంటు పోయుంటుంది," అంది లాన్. నేను అవుననలేదు, కాదనలేదు. చెరువు పోతే ఒక ఇల్లు ఏమవుతుందో మా ఊళ్ళో చూస్తూ పెరిగినదాన్ని. పొద్దున్నంతా ఆవిడ పక్కనే చచ్చిన రొయ్యలు ఎత్తాను. మధ్యాహ్నం కంచం ముందు కళ్ళు మూసుకున్నాను గాని, ఒక్క మాటా రాలేదు. ఆవిడ ఎప్పటిలాగే ఆగి ఉంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నేనే ఆపానండీ. మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను."

లాన్ మొహం మాడిపోయింది. మెల్లగా అత్తగారికి చెప్పింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది.

"తెల్లారి, ఆపి ఉన్న స్విచ్ అత్తయ్యే వేసిందట," అంది లాన్. ఆ సంగతి తనకూ అప్పుడే తెలిసిందని గొంతులోనే వినిపించింది. "నువ్వే మర్చిపోయావని తెలుసట. కోపం లేదా అంటే ఉందట. నెలల కష్టం పోతే కోపం రాదా అంటోంది. కానీ తను అడిగితే నువ్వు భయపడి చెప్పేదానివట. నీ అంతట నువ్వు చెప్తావని ఆగిందట."

ఆవిడ ఇంకో మాట అంది. లాన్ అది నాకు చెప్పకుండా "అత్తయ్యా!" అన్నట్టు ఏదో అని, వాదనకి దిగింది. పెద్దావిడ కదల్లేదు. చివరికి లాన్ తలొంచుకుని చెప్పింది: "రేపట్నించి రెండో చెరువు నువ్వే చూడాలట. ముందు అన్నం తినమంటోంది."

మిగిలింది ఆ ఒక్క చెరువే. నేను స్విచ్ వేసి, పది అడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునేదాన్ని. అమ్మమ్మ మాత్రం ఒక్కరోజూ నా వెనక వచ్చి చూడలేదు. అటువైపు పని పడ్డా, కూరపాదుల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. నేను బయల్దేరే వారంలో ఆ చెరువులో రొయ్యలు పట్టారు. వల బరువుకి లాన్ కూడా నీళ్ళలోకి దిగాల్సి వచ్చింది. దిగి, నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. మొదటి చెరువు పోయినప్పట్నించి ఆ రోజు వరకూ తను నాతో మనసిచ్చి మాట్లాడలేదు.

అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పుడు లాన్ మెసేజ్ పెట్టింది.

మొన్న నాగాయలంక దగ్గర ఒక రైతు చెరువు పోయిందంటే చూడ్డానికి వెళ్ళాను. మేత వేసే సుబ్బయ్య గారు తన పొరపాటేనని ఒప్పుకుని గట్టు మీద కూలబడ్డారు. "ఇవాళే పంపించేస్తాను మేడమ్, ఏమంటారు?" అన్నాడు రైతు.

"పక్క చెరువు ఆయనకే అప్పగించండి," అన్నాను.

"మీకేమన్నా పిచ్చా అండీ?"

ఆ రైతుకి కారణం చెప్పాలంటే, నా చేతిలో పోయిన చెరువు సంగతి ముందు చెప్పాలి. చుట్టూ పదిమంది ఉన్నారు. అందరూ నా సలహా మీద పంట వేసేవాళ్ళే. అయినా సుబ్బయ్య గారి పక్కనే గట్టు మీద కూర్చుని, మొదలుపెట్టాను.