గాలికి మొహమాటం లేదు

మా పై అంతస్తు కెప్టెన్ గారు పోయారు. మంగళవారం పొద్దున లిఫ్టు పనిచేయక మెట్లెక్కుతూ, రెండో అంతస్తు మలుపులో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. పాతికేళ్లు కొండల మీదా ఎడారి మీదా చిన్న విమానం నడిపిన మనిషిని ఈ పరాయిదేశంలో మేముండే రూవిలో ఒక మెట్లవరుస ఆపేసింది. నా మనవరాలు వచ్చి చెప్పగానే నా నోట ముందు వచ్చిన మాట, "చేతిలో ఏం మోస్తున్నారు?" అని. పది కిలోల బియ్యం సంచీ అట.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మీకు చెప్పాలి. పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆయనది కరీంనగర్ వైపు. రేడియోలో ఇంగ్లీషు, నేల మీద తెలంగాణ యాస. నేను ఇక్కడి బడిలో ముప్పయ్యేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను కాబట్టి నన్ను టీచరమ్మా అనేవారు. శుక్రవారం కాఫీకి దిగేవారు. కూర్చునే ముందు కిటికీలోంచి కొండల వైపు ఓ చూపు. దుమ్ము ఎంతుందో చూసుకుంటే గాని కుర్చీ లాక్కునేవారు కాదు. నా కాఫీని ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

"టీచరమ్మా, గిది కాఫీనా, కషాయమా?"

"తాగేవాడి రోగాన్ని బట్టి, కెప్టెన్ గారూ."

ఆరు సీట్ల విమానం. ఎడారిలోని క్యాంపులకు మందులు, యంత్రాల భాగాలు, మనుషులు. "పొద్దుగాలనే పోవాలె. ఎండెక్కితే గాలి పల్చవడుతది, రెక్కకు ఆనదు" అనేవారు. అందుకే షెడ్డు గుమ్మంలో బస్తాలు తూచే కాటా ఒకటి ఉండేది. ఎక్కేవాళ్లందరూ సామానుతో సహా దాని మీద నిలబడాలి. ఆయన చెవి వెనక పెన్సిల్ తీసి అంకె రాసుకునేవారు. బరువులన్నీ కూడితే గాని ఇంజిన్ మొదలయ్యేది కాదు.

పద్నాలుగేళ్ల కిందట, ఆ జూన్‌లో మా ఆయన ఎడారి క్యాంపులో సర్వేయర్. ఒక తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందనీ, కదిలించే స్థితి లేదనీ ఫోను. రోడ్డు మీదైతే రోజంతా పడుతుంది. కెప్టెన్ గారే వచ్చి తలుపు కొట్టారు. "నేను గా క్యాంపుకే మందులు తీస్కపోతున్న. నాతోని రాండ్రి టీచరమ్మా."

షెడ్డు దగ్గర ఇద్దరు మెకానిక్కులు కాటా ఎక్కి దిగారు. నా వంతు వచ్చేసరికి ఆయన నేలచూపులు చూశారు. "మీరు ఎక్కుడెందుకు, మంది చూస్తున్నరు. నోటితోని చెప్పుండ్రి, చాలు."

"అరవై" అన్నాను.

డెబ్బై ఎనిమిది. అక్కడ మొగుడు చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ ఈ అబద్ధమేమిటని అడుగుతారు. అబద్ధమాడుతున్నానని కూడా అనుకోలేదు. ఎవరడిగినా అలవాటుగా వచ్చే అంకె అది. నా ఒళ్లు దాన్ని ఎన్నడో దాటిపోయినా నాలుక మీద ఉండిపోయింది.

"సంచిల?"

"బట్టలే."

సంచిలో ఆవకాయ జాడీ, కందిపొడి, ఐదు కిలోల బియ్యం, చిన్న కుక్కరు. మా ఆయనకు మెస్సు కూడు పడదు. బతికి లేచి తింటాడనే మూట కట్టాను.

విమానం లేచింది. రెండు వైపులా గడ్డిపోచ మొలవని కొండలు, కింద సమాయిల్ ఊరి ఖర్జూరతోటలు పచ్చని గీతలా. ముందు కొండసందు. ఆయన ఎత్తు చూపే ముల్లు వైపు చూశారు. మళ్లీ చూశారు.

"ఎక్కుతలేదు. గీ బరువుకు ఇంతకన్న ఎక్కాలె."

నాకు తెలుసు. బరువెంత, గాలి ఎంత, ఎత్తెంత: బోర్డు మీద నేను రాసిన పాఠమే. నోరు తెరిస్తే చాలు. వెనక ఇద్దరు మగవాళ్లున్నారు. తెరవలేదు.

"ఇంజిన్‌ల ఏదో ఉన్నది. ఒక్కసారి సందుల చొచ్చినంక మళ్ల తిరగరాదు" అని విమానాన్ని వెనక్కి తిప్పారు.

గంటన్నర ఇంజిన్ విప్పి చూశారు. ఏమీ లేదు. అప్పుడు ఆయన నా కాళ్ల దగ్గరి సంచీని చూశారు. కాటా వైపు చెయ్యి చూపించారు. సంచీతో సహా ఎక్కాను. అంకె చదివి, పాత అంకె కొట్టేసి, కొత్తది రాసుకున్నారు. యంత్రభాగాల పెట్టె ఒకటి దింపించి, "పోదాం పాండ్రి" అన్నారు.

ఎండెక్కింది. కొండలు దాటిందాకా విమానం చేటలో బియ్యంలా ఎగిరిపడింది. తర్వాత ఇసుక, ఇసుక, ఇసుక. దిగేసరికి మా ఆయన మొహం మీద దుప్పటి కప్పి ఉంది. పోయి ముప్పావుగంటైందన్నారు.

దినాల్లో నా కొడుకు అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడ్డాడు. "మీరు వెనక్కి తిప్పకపోతే అమ్మ నాన్నను ప్రాణంతో చూసేది."

"అవు బిడ్డా. తిప్పింది నేనే" అన్నారాయన. అంతే.

నేను పక్కనే ఉన్నాను. మంచినీళ్లు తాగుతున్నట్టు గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత పెద్ద మేనేజరైనా సరే, కాటా ఎక్కకుండా ఆ విమానం ఎక్కలేదు. "గాలికి మొహమాటముండది సార్, ఎక్కుండ్రి" అనేవారట. ఆ మాట నాకు వేరేవాళ్లు చెప్పారు. నాతో మాత్రం ఎన్నడూ అనలేదు. శుక్రవారాలు వచ్చాయి, కషాయం తాగారు, వెళ్లారు. ఆ మౌనం దయో శిక్షో నాకిప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు.

ఆయన భార్యా పిల్లలూ కరీంనగర్ వైపు సొంతూళ్లోనే ఉంటారు. నిన్న శరీరాన్ని అక్కడికి పంపించారు. కాగితాల పనికి నా కొడుకు వచ్చాడు, నేనూ వెళ్లాను. కార్గో షెడ్డులో నిలబడి వాడు, "మంచివాడేనమ్మా. నాన్న విషయంలోనే..." అన్నాడు.

"ఆయన తప్పు కాదురా. నా బరువు అరవై అని చెప్పాను. డెబ్బై ఎనిమిది. సంచిలో ఇంకో పది. ఆయనకు తెలుసు."

వాడు నా వైపు చూడలేదు. చేతిలోని కాగితాలు మళ్లీ మొదటి నుంచి సర్దుకున్నాడు.

ఈలోగా నలుగురు కుర్రాళ్లు పెట్టెను తోసుకొచ్చి కాటా మీదికి ఎక్కించారు. పెట్టెతో పాటు పంపేది ఇంకేమైనా ఉందా అని గుమాస్తా హిందీలో అడిగాడు. ఏమీ లేదన్నాను. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, ఒకచోట నిలబడ్డాయి. గుమాస్తా చెవి వెనక నుంచి పెన్ను తీసి, చూసింది చూసినట్టు రాసుకున్నాడు.