అంజన్ కొలత, రెండు వేళ్లు ఎక్కువ

అంజన్ చేతులు అప్పటికే కోటు లోపల వేసే అస్తరు గుడ్డ మీద ఉన్నాయి. ఎడమచెయ్యి మడత నొక్కి పట్టింది. కుడిచెయ్యి సుద్దముక్కతో భుజం దగ్గర గీత మొదలుపెట్టి, చంక కింద వంపు తిప్పి, నడుము దాకా ఒక్క ఊపులో దింపింది. తరువాత టేపు తన నడుముకే చుట్టుకుని, లోపల రెండు వేళ్లు దూర్చి, టేపు కలిసిన చోట గోరు నొక్కి పట్టాడు. ఈ ఒక్క కొలతకు అంకె చదవడం అతనికి అలవాటు లేదు. గోరు ఎక్కడుంటే కొలత అక్కడ. ఆ గోరును గుడ్డ మీద దించి గుర్తు పెట్టాడు. కత్తెర కరకరలాడింది.

ఆరు నెలల తరువాత పట్టిన మొదటి పెద్ద పని అది. చేతులు ఏదీ మర్చిపోలేదు. ఆ సంబరంలో ఈల వేసుకుంటూ అస్తరు ముక్కలకు తాత్కాలికంగా పచ్చికుట్టు వేసి, తొడుక్కుని, గౌలిపురాలో తన ఇంటి ముందుగదే అయిన ఆ దుకాణంలో అద్దం ముందు గిర్రున తిరిగాడు. సరిగ్గా రెండు వేళ్లు వదులు.

"పుష్పా! ఇటు చూడు, చెయ్యి గింత గూడ తప్పలే!"

పుష్పమ్మ పిండి చేతులతో వచ్చి, గడపలో నిలబడి భర్తను కిందికీ మీదికీ చూసింది.

"ఎవల్దయ్యా గిది?"

"రాధాకృష్ణమూర్తి సారుది."

"సారు గూడ కడుపు కోపిచ్చుకున్నడా ఏంది?"

అంజన్ అద్దంలో తన సన్నబడ్డ నడుము చూసుకుని ఆగిపోయాడు. పుష్పమ్మ ద్వారబంధం పట్టుకుని నవ్వుతూ నవ్వుతూ అలాగే కిందికి జారి కూర్చుంది.

రాధాకృష్ణమూర్తి గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డ ఆఫీసరు. భారీ మనిషి. పన్నెండేళ్ల కిందట మొదటిసారి ఈ దుకాణానికి వచ్చినప్పుడు, నలుగురి ముందు నడుముకు టేపు చుట్టించుకోవడానికి సిగ్గుపడి చెమటలు కక్కాడు. అప్పుడు అంజన్ కూడా భారీ మనిషే. "మీకెందుకు సార్ ఫికర్? నా ఒంటికి పడితె మీ ఒంటికి పడినట్టే," అని టేపు మడిచి జేబులో పెట్టేశాడు. ఆ రోజు నుంచి సారు బట్టలన్నీ అంజన్ ఒంటి మీదే కొలత. కొలతల పుస్తకంలో అందరికీ అంకెలుంటే, సారు పేరు ఎదురుగా ఒక్కటే మాట: నా కొలత, రెండు వేళ్లు ఎక్కువ. ఇద్దరూ ఏటేటా సమానంగా లావయ్యారు కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈ ఏడు తప్పింది. అంజన్ కడుపులో పుండు పడింది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు కడుపు ముప్పాతిక కోసేసి, పాతిక మిగిల్చి కుట్టారు. కుట్లు చూసుకుని అంజన్ మొదట అన్న మాట, "దూరం దూరం వేసిండ్రు, మనమైతే దగ్గరగ ఏసెటోళ్లం," అని. ఒకప్పుడు పూటకు అరకిలో బియ్యం తిని, పైన హోటల్లో నాలుగు సమోసాలు వేసినవాడికి, ఇప్పుడు చిన్న గిన్నెడు పెరుగన్నంతో కడుపు నిండిపోతుంది. రోజుకు ఆరుసార్లు ఆ గిన్నె. మిఠాయి ముక్క నోట్లో వేస్తే కళ్లు తిరుగుతాయి. ఉస్మాన్‌గంజ్‌లో బామ్మర్ది కాంటా మీద, నిండు బస్తా పెట్టి పైన పది కిలోల రాయి వేస్తే గానీ తూగని మనిషి, ఆరు నెలల్లో అరవై రెండు కిలోలకు దిగాడు.

దిగిన కొద్దీ అతనికి హుషారు ఎక్కింది. గల్లీలో మురుగు పారే మోరీ కనబడితే చాలు, అవసరం లేకపోయినా ఇటు నుంచి అటు దూకేవాడు, మళ్లీ అటు నుంచి ఇటు. ఒకరోజు బస్సు వెనక శాలిబండ దాకా పరుగెత్తాడు. ఎక్కడానికి కాదు, అందుకోగలడో లేదో చూద్దామని. కండక్టరు చెయ్యిచ్చి లాగబోతే "వద్దు భాయ్, ఉత్తిగనే!" అని నవ్వి వెనక్కి తిరిగాడు.

కానీ దుకాణం ఆరు నెలలు మూసి ఉంది. "అంజన్ పనైపోయింది, చేతుల బలం లేదు," అని గల్లీలో అనుకున్నారు. పాత గిరాకీ అంతా చౌరస్తాలో రంగుల బోర్డు పెట్టిన కొత్త టైలరు దగ్గరికి పోయింది. ఇప్పుడు శనివారం సాయంత్రం రాధాకృష్ణమూర్తికి ఆఫీసులో రిటైర్మెంటు సభ. క్లోజ్‌కాలర్ కోటు కుట్టమని అటెండరు వైకుంఠంతో ఖరీదైన బూడిదరంగు టెర్రీవుల్ గుడ్డ పంపించాడు. ఆఫీసంతా ఆ కోటు చూస్తుంది. అది కుదిరితే దుకాణం నిలిచినట్టే. చెడితే, గల్లీ అన్న మాటే నిజమైనట్టు.

అదృష్టం, కత్తెర పడింది అస్తరుకే. టెర్రీవుల్ ఇంకా మడత విప్పలేదు. ఆ రోజు బుధవారం.

అప్పుడే వైకుంఠం సైకిలు దిగాడు.

"అంజన్ భాయ్, కోటు ఎందాక వచ్చింది?"

"వస్తున్నది. జర సారింట్ల పాత కోటొకటి తెచ్చిపెట్టు భాయ్. ఆది చూసుకుంట."

"ఇంటికి తాళం. అమ్మగారు బిడ్డ పురుడని బాపట్ల పోయిండ్రు. తాళంచెవి సారు జేబుల. సారు ఆదిలాబాద్ల. శనారం పొద్దుగాల రైలు దిగి సీదా నీ తాన్కే వస్తడంట." వైకుంఠం అతని నడుము వైపు చూశాడు. "ఆది ఎందుకు? నీకు నీ పొట్టే కదా ఆది?"

అంజన్ లాల్చీ ఎత్తి చూపించాడు. వైకుంఠం తెరిచిన నోటితోనే సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సారు కొలత సారుకు తెలియదు. తెలిసినవాడు అంజన్ ఒక్కడే. అతని పాత ఒళ్లు ఇప్పుడు లేదు. "నా పాత అంగీ ఒక్కటి తియ్యి," అన్నాడు పెళ్లాంతో. పుష్పమ్మ నవ్వు ఆపుకుని నాలుక కరుచుకుంది. ఒక్కటీ లేదు.

ఆపరేషనయ్యాక ఆ ఇంట్లో కొత్త గుడ్డ కొనలేదు. కొనే పనేముంది? పాత లాల్చీ ఒక్కదాంట్లో ఇప్పుడు ఇద్దరు అంజన్లు పడతారు. భార్యాభర్తలు ఒక్కొక్కటే కుట్లు విప్పి అంగీల్లోంచి అంగీలు, పైజామాల్లోంచి దిండు గలీబులు, గలీబులు కాగా మిగిలినదాంట్లోంచి మసిగుడ్డలు తీశారు. పక్క గల్లీలో బర్రెలు పెట్టుకున్న కాశమ్మ అందుకే అనేది: "పాత అంజన్‌ను కోసుకొని కొత్త అంజన్ బతుకుతున్నడే!"

అంజన్ కాసేపు సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పాడు. తరువాత లేచి నిలబడ్డాడు.

"నా నీలం కోటు గుర్తున్నదా? మూడేండ్ల కింద సారు కోటు కోసిన రోజే, గదే కొలతతోటి నాకు కోసుకున్న. అది ఏమేం అయింది?"

పుష్పమ్మ వేళ్లు మడిచింది. "ఎడమ ముందుభాగం మిషన్ మీద కప్పినం. కుడిది నా కూరగాయల సంచి. వెనకభాగం కాశమ్మకు సదరీ."

"తే అన్నీ!"

మిషన్ కప్పు దులిపి నేల మీద పరిచాడు. సంచి బోర్లిస్తే ఉల్లిగడ్డలు గదంతా దొర్లాయి, పుష్పమ్మ వాటి వెంట దొర్లింది. అడుగు కుట్టు, పక్క కుట్టు విప్పి సంచిని చాపలా పరిచాడు. విప్పిన గుడ్డ అబద్ధం చెప్పదు. పాత కుట్టు ఎక్కడ పడిందో సూదిరంధ్రాలు వరసగా చెబుతాయి. మడత ఎక్కడుందో అక్కడ రంగు వెలవదు. ఆ రంధ్రాల వెంట సుద్దగీత లాగాడు.

ఇక సదరీ. చేతుల్లేని ఆ కురచ కోటు కాశమ్మ తెల్లవారుజామున పాలు పితికేటప్పుడు చలికి వేసుకుని, రోజంతా విప్పకుండా తిరుగుతుంది. అంజన్ బర్రెల దగ్గరికే వెళ్లి అడిగాడు.

"ఇయ్య," అంది కాశమ్మ పేడ చేతులు నడుమున పెట్టుకుని. "ఇచ్చిన బట్ట మల్ల అడుగుతరార? సిగ్గుండాలె."

"తీస్కోను కాశమ్మా. కొల్చుకొని ఇస్త."

"గట్లయితే నన్ను గూడ కలిపి కొలువు. విప్పేది లేదు."

ఆమె దుకాణంలోకి వచ్చి, అద్దానికి వీపు పెట్టి, దొంగ దొరికినట్టు రెండు చేతులూ ఎత్తి నిలబడింది. అంజన్ టేపు ఆమె వీపు మీద అడ్డంగా వేశాడు. సరిపోలేదు. పక్కల పాత కుట్టు గుర్తులే లేవు.

"పక్కలకు కోసినం గద," అంది పుష్పమ్మ. "రెండు పీలికలు పోయినయి."

"యాడికి పోయినయి?"

ఇద్దరూ ఒకేసారి సంచి వైపు చూశారు. పట్టుకునే కాడలు! నాలుగు మడతలు వేసి కుట్టిన ఆ రెండు కాడల్నీ విప్పి ఇస్త్రీ చేస్తే, ఒక్కొక్కటి రెండున్నర అంగుళాల పీలిక. అంజన్ వాటిని కాశమ్మకు చెరొక పక్క పట్టమని భార్యకు ఇచ్చి, ముందుభాగాలు రెండూ కలుపుకుని, కుట్లలోకి పోయేది, గుండీల పట్టీ కింద దాగేది తీసేసి అంగుళాల్లో లెక్క చూశాడు. యాభైమూడు.

"గింతున్ననా నేను?" అన్నాడు, టేపు రెండు చేతులతో గాలిలో గుండ్రంగా పట్టుకుని. అందులోంచి తల దూర్చి బయటికి తీశాడు.

"గింత నా ఈపు మీద మోసిన్నా ఇన్ని దినాలు!" అంది కాశమ్మ.

నడుము దొరికింది. కానీ ఆ నడుము ఎట్లా నిలబడేదో, ఎక్కడ ముందుకు పొంగేదో అంకె చెప్పదు. పుష్పమ్మ లోపలికెళ్లి బొంత తెచ్చింది. అంజన్ చేతులెత్తాడు. పుష్పమ్మ బొంత అతని చుట్టూ తిప్పి, ముందు ఒక దిండు పెట్టి, తన పాత చీరతో బిగించి కట్టింది.

"ఇంకొంచెం కిందికి," అంది తనే, వెనక్కి జరిగి చూసి. "నువ్వు కూసుంటె పొట్ట వచ్చి తొడల మీద కూసుండేది."

"నీకెట్ల యాదికున్నది?"

"పద్దెనిమిదేండ్లు చూసిన. నాకు యాదికుండదా?"

టేపు వేస్తే సరిగ్గా యాభైమూడు. అస్తరు రెండు పక్కలా విప్పి, మిగిలిన గుడ్డ పట్టీలు చేర్చి వెడల్పు చేసి, ఆ బొంత మీద తొడిగారు. కాశమ్మ గడప బయటికి పోయి అరిచింది: "రాండ్రి, రాండ్రి! పాత అంజన్ తిరిగొచ్చిండు!" పాలు పోయించుకుని పోతున్నవాళ్లు చెంబులతో సహా గుమిగూడారు. అంజన్ ఊరుకుంటాడా? పాత రోజుల్లోలా ఆయాసపడుతూ రెండడుగులు నడిచాడు, అరుగు మీద కూర్చున్నాడు, లేవలేనట్టు చెయ్యి చాచాడు. ఆ తరువాత కొత్త అంజన్ గుర్తొచ్చి ఒక్క గెంతు గెంతాడు. దిండు వీపు మీదికి పోయింది. జనం నవ్వి నవ్వి పాలు ఒలకబోసుకున్నారు.

అంత నవ్వులోనూ అతను చూడవలసింది చూశాడు. పొట్ట ఎత్తుకు అస్తరు ముందు అంచు అంగుళం పైకి లేచింది. అంటే ముందుభాగం అంగుళం పొడుగు కోయాలి. ఈ మూడేళ్లలో సారు ఏమాత్రం పెరిగాడో తెలియదు, కాబట్టి రెండు వేళ్లు కాక, పక్క కుట్ల లోపల ఇంకో అంగుళం గుడ్డ దాచి ఉంచాలి.

టెర్రీవుల్ మడత విప్పినప్పుడు మాత్రం అందరూ వెనక్కి జరిగారు. కాశమ్మ పేడ చేతులు వీపు వెనక దాచుకుంది. కత్తెర భుజం నుంచి అంచు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లింది.

గురువారం, శుక్రవారం మిషన్ ఆగలేదు. రెండున్నర గంటలకోసారి పుష్పమ్మ గిన్నె తెచ్చి పక్కన పెట్టేది. నాలుగు ముద్దలు తిని మళ్లీ పాదం ఆడించేవాడు. కాలరులో కాన్వాసు చేత్తో కుట్టాడు. ఆరు కాజాలు చేత్తో తీశాడు. అంచు మడత పుష్పమ్మ కుట్టింది.

శనివారం పొద్దున రిక్షా ఆగింది. రాధాకృష్ణమూర్తి గడప మీద ఆగి లోపలికి చూశాడు.

"అంజన్ లేడా?"

"నేనే సార్."

"నువ్వు కాదయ్యా. పెద్దాయన. అంజన్."

"నేనే సార్. కడుపు ఆపరేషన్ అయింది."

ఆఫీసరు గడప దాటి దగ్గరికి వచ్చాడు. "అయ్యయ్యో! చెప్పను కూడా లేదేంటయ్యా?" అంటూనే ఆయన ముఖం పాలిపోయింది. "ఉండు ఉండు. కొంపదీసి కోటు నీ కొలతకే కుట్టావా?"

"నా కొలతకే సార్."

"చచ్చాం! నాలుగింటికి సభ!"

"కొత్త నా కొలతకు గాదు సార్, పాత నా కొలతకు. తొడుక్కోండి."

ఆఫీసరు చొక్కా విప్పి, కళ్లు మూసుకుని చేతులు దూర్చాడు. భుజాలు కూర్చున్నాయి. అంజన్ పై నుంచి గుండీలు పెడుతూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది కాజాలోకి వెళ్లింది గానీ వెంట్రుకవాసి బిగిసింది.

"టూర్లల్ల భోజనం బాగున్నట్టుంది సార్," అన్నాడు అంజన్.

"ఆదిలాబాదు గెస్టుహౌసు వంటవాడు మంచివాడయ్యా," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే.

కోటు విప్పించి, పక్క కుట్లలో దాచిన గుడ్డ అరంగుళం వదిలి మళ్లీ కుట్టాడు. పావుగంట పని. ఈసారి ఆరూ హాయిగా పడ్డాయి.

"కూసోండి సార్. ఇప్పుడు గట్టిగ నవ్వుండి. గుండీ తెగుతదా చూడాలె."

"ఉత్తిపుణ్యానికి నవ్వమంటే ఎలా నవ్వనయ్యా?"

పాల క్యానుతో గడపలో నిలబడ్డ కాశమ్మ వెనక్కి తిరిగి తన సదరీ చూపించింది. "సారూ! మీ పొట్ట నా ఈపు మీదున్నది. మీ కోటు కొలత దీని నుంచే తీసిండు!"

అంజన్ రెండు మాటల్లో విషయం చెప్పాడు. బొంత దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు పొట్ట కదలడం మొదలుపెట్టింది, దిండు వీపు మీదికి పోయేసరికి కుర్చీ కిర్రుమంది. ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నంతసేపూ అంజన్ ముఖం చూడలేదు, గుండీలే చూశాడు. ఒక్కటీ తొణకలేదు.

"సాయంత్రం అడుగుతారయ్యా అందరూ, ఎవరు కుట్టారని," అన్నాడు ఆఫీసరు లేస్తూ.

"చెప్పుండి సార్. జర టేపుతోటి కొలిపిచ్చుకోమనుండి."

కాలరు వెనక ఒక పచ్చికుట్టు దారం మిగిలింది. అంజన్ దాన్ని పళ్లతో తుంచి, భుజం మీద సుద్ద దులిపి, ఆయన విప్పిన ప్రయాణపు చొక్కా కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.