నాలుగో వైరు

నా నోరు మంచిది కాదు. తూంకుంటలో నా షెడ్డుకు బండి తెచ్చే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పని బాగా చేస్తాడు గానీ నోరు ఆగదు అంటారు. మొన్నటి దసరా దాకా ఆ మాట విని నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అంటే తల ఎత్తలేకపోతున్నాను.

పండుగకు ముందు రోజు శామీర్‌పేట అవతల తోట ఉన్న ఒకాయన తన స్పోర్ట్స్ కారు తెచ్చి ఇచ్చాడు. పాతది, ఎర్రది, ఇద్దరే పట్టే బండి. ఎక్కాలంటే దాదాపు నేల మీద కూర్చున్నట్టే. పికప్ లేదు, ఇంజన్ తడబడుతూ మిస్సింగ్ కొడుతోంది. నాలుగు ప్లగ్గులూ, వాటికి కరెంటు తెచ్చే నాలుగు వైర్లూ మార్చాలి. కొత్తవి ఆయనే తెప్పించాడు. పండుగ పూట స్నేహితులను ఒక్కొక్కరినే ఎక్కించుకొని చెరువు కట్ట దాకా తిప్పాలని ఆయన ముచ్చట.

మా బాపు బతుకంతా టాక్సీలు బాగుచేసినవాడు. నాకు ఈ పని నేర్పిందీ ఆయనే. ఈమధ్య చేతులు వణుకుతున్నాయని నేనే పని మాన్పించాను. అయినా రోజూ వచ్చి షెడ్డులో కూర్చుంటాడు. తన పాత ప్లగ్గు స్పానర్ మాత్రం ఎవరికీ ఇవ్వడు, చేతిసంచిలో పెట్టుకొనే తిరుగుతాడు. ఆ రోజు ఎర్రబండి చుట్టూ తిరిగి తిరిగి నా పక్కన నిలబడ్డాడు.

“ఒక్క ప్లగ్గు నన్ను ఎక్కియ్యనియ్యి బిడ్డా. గిసొంటి బండి మల్లెప్పుడు ముట్టుకుంట?”

సరే అన్నాను. ఒక పాత వైరు పీకి, దాని కింద ప్లగ్గు మార్చి, కొత్త వైరు తగిలించాకే రెండోదాని జోలికి పోవాలి. అన్నీ ఒక్కసారే పీకితే ఏది ఎక్కడిదో తెలియక ఆగమవుతుంది. ఇదీ ఆయన నేర్పిందే. మూడు నేను చేశాను, నాలుగోది బాపు చేశాడు. చేతి వణుకుకు స్పానర్ ప్లగ్గు కూర్చునే గుంతలోకి దిగడానికి కాస్త తడవు పట్టింది గానీ, ప్లగ్గు బిగించి, వైరు రబ్బరు టోపీని టక్కుమనే దాకా నొక్కాడు. “ఇగ కూసుంది” అన్నాడు. బండి స్టార్ట్ చేస్తే ఎక్కడా తడబాటు లేదు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో!

తెల్లారి పొద్దున్నే పనిముట్లకూ బండ్లకూ పూజ చేశాను. బాపు ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాడు. అందరూ టైరు ముందు కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. నాకు మాత్రం ఇంజనుకూ అందాలన్న పిచ్చి. బానెట్ ఎత్తి, రెండు చిప్పల నీళ్లూ ఇంజన్ మీద పోసి, దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆ తోటాయన ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. బండి పోతుంటే చూడాలని బాపు కొత్త చొక్కా వేసుకొని మరీ వచ్చి నిలబడ్డాడు. తాళం తిప్పగానే బండి గజగజ ఊగింది.

“ఏందన్నా ఇది? ముందుకన్న ఎక్కువ కొడుతాంది!” అన్నాడాయన. స్నేహితులు నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క వైరు కూడా విప్పి చూడలేదు. గిర్రున బాపు వైపు తిరిగాను.

“చేతులు వణుకుతయని చెప్పిన గదా! ఎందుకు చెయ్యి పెట్టినవ్? నా ఇజ్జత్ తీసినవ్ గదా బాపూ!”

పక్క చాయ్ బండి దగ్గరున్న వాళ్లు కూడా తిరిగి చూశారు. బాపు చేతులు తుడుచుకున్నాడు, వాటికి మట్టేమీ అంటకపోయినా. “నాదే తప్పు సారూ. సరిగ్గ కూసోలేదేమో” అని ఆయనకు చెప్పి, ఇంటివైపు నడిచాడు.

నాలుగో వైరు పీకాను. పొడిగా ఉంది, గట్టిగా పట్టుకొని ఉంది. మూడోది, నేను పెట్టింది, పీకాను. టోపీ సగమే దిగింది. గుంతలో నీళ్లు. వేలు పెడితే జిగట, కొబ్బరి వాసన.

తుడిచాను, గాలి కొట్టాను, మళ్లీ నొక్కాను. బండి చక్కగా పలికింది. “పెద్దాయనను ఇగ పనిల పెట్టకు అన్నా” అన్నాడు తోటాయన. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా! చెప్పలేదు. తల ఊపాను. ఛీ, ఏం మనిషిని నేను!

సాయంత్రం జమ్మి ఆకు తీసుకొని బాపు కాళ్లు మొక్కడానికి పోయాను. ప్లగ్గు స్పానర్ కడిగి, నూనె రాసి, నాకోసం గడప దగ్గర పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పాను. తప్పు నా మూడో వైరుదని, నేను పోసిన నీళ్లదని చెప్పాను. ఆయన నా తల నిమిరాడు.

“నా మనసు ఖరాబ్ కావద్దని చెప్తున్నవ్. పోనియ్యి బిడ్డా.”

“ఒట్టు బాపూ! కావాలంటే నా వేలు వాసన చూడు” అని చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

ఆయన నవ్వాడు. “పండుగ పూట ఎవ్వని చెయ్యి చూసినా కొబ్బరి వాసనే ఉంటది కొడుకా.”